అయిదుగురు పొడుగోళ్ళు, ఒక లస్కరు

మా ఊళ్ళో ఎవరైనా యలమందయ్య తాతని టైమెంతయిందని అడిగితే "మా ఆవిణ్ణి అడుగు" అంటాడు. సాగరు కుడి కాలువ మీద ముప్ఫయ్యొక్క సంవత్సరాలు లస్కరుగా చేసి, తూముల షట్టర్లు ఎత్తి దించి, ఊరు మొత్తానికి నిమిషాల లెక్కన నీళ్ళు వదిలిన మనిషి ఆయన. ఇప్పుడు ఎడమచేతి మణికట్టు మీద గడియారం పట్టీ మచ్చ తప్ప ఏమీ లేదు. గడియారం ఆయన భార్య వెంకటరావమ్మ చేతికి ఉంది. అదెలా వెళ్ళిందో చెప్పాలంటే మా బాస్కెట్‌బాల్ జట్టు సంగతి చెప్పాలి. అది చెప్పాలంటే నాకు ఒళ్ళు మండుతుంది. అయినా చెబుతాను, నేను చెప్పకపోతే ఆ అయిదుగురూ వాళ్ళకి తోచినట్టు చెబుతారు.

నా పేరు ప్రేమ్‌చంద్. పర్చూరు రోడ్డులో పురుగుమందుల షాపు నాది. నా ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు. నవ్వేవాళ్ళు ఇక్కడే నవ్వేసి ముందుకు రండి. జట్టులో నా పని బంతిని కింద కొట్టుకుంటూ అవతలి రింగు దాకా తీసుకుపోయి, అక్కడ చేతులు చాపుకుని నిలబడ్డ పొడుగోళ్ళకి అందించడం. పెళ్ళిలో వడ్డించేవాడి బతుకు. తిన్నవాడి పేరే అందరికీ గుర్తుంటుంది.

మా కోర్టు కూడా అసలు కోర్టు కాదు, మిరపకాయలు ఆరబోసుకునే సిమెంటు కళ్ళం. ఎప్పుడో ఒక డ్రిల్లు మాస్టారు రెండు చివర్లా స్తంభాలు పాతించి రింగులు పెట్టించాడు. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి ఏప్రిల్ దాకా దాని మీద కాయలుంటాయి. మే నెలలో మేం దిగుతాం. మొదటి వారం ఆట తక్కువ, తుమ్ములెక్కువ. కిందపడి లేచినవాడు అదే చేత్తో కళ్ళు నులుముకున్నాడంటే ఆ రోజుకి వాడి ఆట అయిపోయినట్టే.

ఆ కళ్ళం మీద, ఒకే ఈడులో, ఆరడుగులు దాటినవాళ్ళు అయిదుగురు తయారయ్యారు. కోల్డ్ స్టోరేజీలో పనిచేసే షఫీక్, హయాత్ అన్నదమ్ములు. ట్రాక్టరు తోలే త్రికోటి. మంగళగిరిలో కంప్యూటరు ఉద్యోగం చేస్తూ శనివారం శనివారం వచ్చే సాయికౌశిక్. మిరప చేలకి డ్రోనుతో మందు కొట్టే చైతన్యకృష్ణ, ఆరడుగుల నాలుగంగుళాలు, యలమందయ్య తాత కూతురి కొడుకు. అయిదుగురూ ఆటగాళ్ళే, అందులో నేను వంక పెట్టను. పక్క ఊళ్ళవాళ్ళు ఒక్క పొడుగోడు దొరక్క ఏడుస్తుంటే మాకు అయిదుగురు. మా అదృష్టం అనుకుంటారేమో. మా ప్రాక్టీసు ఒక్కరోజు చూసుంటే ఆ మాట అనరు.

రింగు కింద చోటు ఇద్దరికే. అయిదుగురికీ ఆ చోటే కావాలి. షఫీక్‌ని దింపితే హయాత్ అలుగుతాడు, హయాత్‌ని దింపితే ఇద్దరూ ఇంటికి పోతారు. త్రికోటిని బయట కూర్చోబెడితే ట్రాక్టరు తెచ్చి కళ్ళానికి అడ్డంగా పెడతాడు. కౌశిక్ వాళ్ళ నాన్న అనంతపద్మనాభం గారు గుళ్ళో అర్చన చేసే మనిషి, నోరు మంచిది. అయినా ఆయన కూడా "నాలుగున్నర నుంచి రాహుకాలం నాయనా, మావాణ్ణి ఆ ముందే ఆడించేయండి" అని కబురు పెట్టేవారు. చివరికి మంచినీళ్ళ ప్లాంటు దగ్గర త్రికోటి వాళ్ళమ్మా, షఫీక్ వాళ్ళమ్మా ఒకరి మీదికొకరు బిందెలు ఎత్తేదాకా వచ్చింది. మమ్మల్ని ఆడించే డ్రిల్లు మాస్టారు బదిలీ చేయించుకుని పారిపోయాడు. నిజం, పారిపోయాడు.

అప్పుడు మా సర్పంచి అన్నాడు, "కాలువ మీద ముప్ఫై ఏళ్ళు ఒక్క తల పగలకుండా చూసినోడు మనూళ్ళోనే ఉన్నాడు గదరా! ఈ అయిదుగురూ ఆయనకో లెక్కా?"

తల పగలని మాట వాస్తవం. మాది కాలువకి చిట్టచివరి ఊరు. ఎగువవాళ్ళు తాగి, తడిపి, వదిలేస్తే మాకు నీళ్ళు. ఉన్న నాలుగు చుక్కల కోసం పారలు పట్టుకుని వచ్చేవాళ్ళు రైతులు. యలమందయ్య తాత షట్టరు మీద కూర్చుని, తాళంచెవి మొలతాడుకి కట్టుకుని, గడియారం చూసి వంతులు వేసేవాడు. నిమిషం ఎక్కువ లేదు, నిమిషం తక్కువ లేదు. డ్యూటీలో ఎవరింట్లోనూ మజ్జిగ చుక్క ముట్టేవాడు కాదు. మజ్జిగ పోసినవాడు అరగంట నీళ్ళు అడుగుతాడని ఆయన భయం. ఆయన పెట్టుకున్న ఇంకో నియమం, లస్కరు చేను ఎప్పుడూ ఆఖరున తడవాలి.

ఆ నియమానికి ఆయనకేమీ కాలేదు, వెంకటరావమ్మకి అయింది. ఇరవై ఏళ్ళ కిందట ఒక ఏడు, రెండు రోజుల్లో కాలువ కట్టేస్తారనగా వాళ్ళ ఎకరన్నర మిరపకి ఇంకా వంతు రాలేదు. అనంతపద్మనాభం గారికి పక్కనే మాగాణి ఉండేది. ఆయన స్వయంగా వచ్చి "యలమందయ్యా, నాకు ఈసారి అవసరం లేదు. నా వంతు నువ్వు తీసుకో" అన్నారు. "లస్కరింటికి ఇంకొకళ్ళ వంతు పారిందంటే రేపు నా మాట ఎవడు వింటాడయ్యగారూ?" అని ఈయన ఒప్పుకోలేదు. కాలువ కట్టేశారు. కాయంతా తాలు అయిపోయింది. ఆ ఏడు వెంకటరావమ్మ, తన మొగుడు నీళ్ళు పెట్టిన వేరేవాళ్ళ చేలల్లో, కూలికి మిరపకాయలు కోసింది. మూడు నెలలు ఆయనతో మాట్లాడలేదట. మాట్లాడ్డం మొదలుపెట్టాక మూడు నెలలదీ కలిపి ఒకేసారి తిట్టిందట.

అలాంటి మనిషి వచ్చి మా కళ్ళం గట్టు మీద కూర్చున్నాడు. బాస్కెట్‌బాల్ అంతకుముందు చూసి ఎరగడు.

"ఏ పక్కకి పారాలిరా ఇది?" అని అడిగాడు నన్ను.

"రెండు పక్కలకీ తాతా. సగం ఆటయ్యాక తిరగబడుద్ది."

"సరే. మొత్తం ఎంతసేపు?"

"నలభై నిమిషాలు."

"చోట్లు రెండు, మనుషులు అయిదుగురు. మనిషికి పదహారు నిమిషాలు. దీనికేనా ఊరంతా బిందెలెత్తింది?"

చీట్లు వేశాడు. మొదటి నాలుగు వంతులూ నలుగురికీ పంచాడు. చైతన్య పేరు అసలు చీటీ మీద రాయనేలేదు. "నువ్వు ఆఖరు" అన్నాడు. వాడు "సరే తాతయ్యా" అన్నాడు. వాడు అంతే, ఆ ఎత్తులో ఉన్న నోరు ఎప్పుడూ ఎదురు చెప్పదు. నాకైతే అక్కడే కోపం వచ్చింది.

కానీ ఒప్పుకోవాలి, గొడవలు ఆగిపోయాయి. తాత అవతలివాళ్ళ స్కోరు చూసేవాడు కాదు. "అది నా డ్యూటీ కాదు" అనేవాడు. వంతు కాగానే ఈల వేసేవాడు. షఫీక్ వరసగా అయిదు బుట్టలు వేసి ఎగురుతున్నప్పుడు కూడా ఈల వేశాడు.

"తాతా, మంచి ఊపులో ఉన్నా, ఇంకో రెండు నిమిషాలు!"

"ఊపులో లేందెవడ్రా? దిగు."

ఏ పొడుగోడూ అలిసిపోడు గనక, అవతలివాళ్ళు ఆయాసపడే వేళకి మావాడు ఒకడు కొత్తగా దిగేవాడు. గెలుస్తూ పోయాం. ఊరంతా తాతకి దండలు వేయడమే తక్కువ. వెంకటరావమ్మ మాత్రం అరుగు మీద నుంచి, "గెలిస్తే గెలిచారు, మా పిల్లోడు ఎంతసేపు ఆడాడో చెప్పండ్రా" అనేది. మేం తలలు గోక్కునేవాళ్ళం.

చిక్కంతా గడియారంలో ఉంది. ఆటలో ఫౌలు అయినప్పుడల్లా బోర్డు మీద గడియారం ఆగుతుంది. తాత దాన్ని నమ్మేవాడు కాదు. "ఆగిపోయేది గడియారం ఏందిరా? కాలువలో నీళ్ళు ఆగినా వంతు ఆగదు" అని తన చేతి గడియారమే చూసేవాడు. బోర్డు మీద సగం ఆట అయ్యి, మధ్య విరామం ముగిసేసరికే ఆయన చేతి మీద నలభై నిమిషాలూ అయిపోయేవి. అందరి వంతులూ తీరేవి. మళ్ళీ మొదటి నుంచి రెండో చుట్టు మొదలుపెట్టేవాడు. ఆ రెండో చుట్టు ఆఖరివాడి దాకా వచ్చేలోగా ఆట అయిపోయేది. నలుగురికీ రెండేసి వంతులు, చైతన్యకి ఒకటి. నేను ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాను. "చివరి భూముల సంగతి ఎప్పుడూ అంతేరా" అన్నాడు, అదేదో వాతావరణం అయినట్టు.

చైతన్య ఆ ఖాళీ టైములో ఊరికే కూర్చునేవాడు కాదు. గీత బయట నా పక్కన నిలబడి బంతి కొట్టడం నేర్చుకునేవాడు. "అన్నా, నువ్వు వంగి కొడతావు గదా, అదెట్టా?" అనేవాడు. నేను వంగక్కర్లేదురా, నేను ఉన్నదే అక్కడ, అని చెప్పి నేర్పాను. ఇంటి దగ్గర కూడా తెల్లారకముందే వాకిట్లో దబదబా మొదలుపెట్టేవాడు. నా పనికే వాడు ఎసరు పెడుతున్నాడని నాకు తట్టలేదు. తట్టుంటే నేర్పేవాణ్ణా? నేర్పేవాణ్ణేలెండి.

పోయిన అక్టోబరులో బాపట్లలో జిల్లా పోటీల ఫైనల్ చేరాం. అవతల చీరాల జట్టు. మామూలు ఫైనల్ అయితే నేను ఇంత రాయను. ఆ ఆట చూసి జిల్లా జట్టుకి మనుషుల్ని ఏరతారు. జిల్లా జట్టు రాష్ట్ర పోటీలకి పోతుంది. అక్కడ ఆడినట్టు కాగితం ఉంటే క్రీడల కోటాలో పోలీసు ఉద్యోగానికి పెట్టుకోవచ్చు. చైతన్యకి ఆ కాగితం మీద ఉన్నంత ఆశ దేని మీదా లేదు. వచ్చే ఏటికి వాడి వయసు దాటిపోతుంది. ఇదే ఆఖరి ఏడు. ఆ సంగతి మా అందరికీ తెలుసు. తాతకీ తెలుసు.

ఊరు ఊరంతా రెండు ట్రాక్టర్లలో వచ్చింది. ఆట మొదలైంది, తాత గడియారం తిరిగింది, చైతన్య వంతు రెండో క్వార్టరులో వచ్చింది. ఏం ఆడాడనుకున్నారు! బంతి వాడి చేతికి అంటుకుపోయినట్టు ఆడాడు. తీరా చూస్తే ఏరడానికి రావలసిన ఇద్దరు పెద్దమనుషులూ ఇంకా రాలేదు. సగం ఆట అయ్యాక, టోపీలు సర్దుకుంటూ, టీ గ్లాసులతో వచ్చి కూర్చున్నారు. అప్పటికి మా చైతన్య వంతు అయిపోయి గట్టు మీదున్నాడు.

మూడో క్వార్టరు అయ్యేసరికి పదకొండు పాయింట్లు వెనకబడ్డాం. విరామంలో షఫీక్ నేరుగా తాత దగ్గరికి వచ్చాడు.

"తాతా, నా వంతు చైతన్యకి ఇచ్చేస్తన్నా. రాసుకో."

వెనకాలే హయాత్. "నాదీ."

త్రికోటి నీళ్ళ సీసా కింద పెట్టి, "నాది కూడా ఇచ్చెయ్యి తాతా. మళ్ళా నా మనసు మారకముందే ఇచ్చెయ్యి" అన్నాడు. కౌశిక్ చొక్కా విప్పి భుజాన వేసుకున్నాడు, ఆడనన్నట్టు.

రెండేళ్ళుగా ఒకళ్ళ చోటు కోసం ఒకళ్ళు కొట్టుకున్న వెధవలు. తాత మొహంలో మాత్రం కదలిక లేదు.

"కుదరదు. లస్కరింటికి ఇంకొకళ్ళ వంతు పారకూడదు."

"నా వంతు నేను ఇస్తంటే నీకేంది తాతా?" అని అరిచాడు షఫీక్.

"నా మనవడికి నా డ్యూటీలో కుదరదు. అంతే."

చైతన్య తల వంచుకుని బూటు లేసు కట్టుకుంటున్నాడు, కట్టి ఉన్న లేసునే. జనంలో అనంతపద్మనాభం గారు లేచి నిలబడ్డారు. ఆయనకి ఆ పాత మిరప చేను గుర్తొచ్చి ఉంటుంది. కానీ ఆయన కంటే ముందే వెంకటరావమ్మ మెట్లు దిగుతోంది. డెబ్బయ్యేళ్ళ మనిషి, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, రిఫరీ ఈల ఊదుతున్నా వినిపించుకోకుండా కోర్టు మధ్యలోంచి నడిచొచ్చింది.

"ఏమయ్యా, మళ్ళా అదే మాటా?"

"నువ్వెందుకొచ్చావే ఇక్కడికి? పో, కూర్చో."

"ఇరవై ఏళ్ళు కూర్చున్నాలే. అప్పుడు నీళ్ళు లేవు, వంతులేశావు. నా చేను ఎండబెట్టావు. కరువయ్యా, ఏం చేస్తాంలే అని ఊరుకున్నా. ఇప్పుడేమొచ్చింది నీకు కరువు? అయిదుగురు పిల్లోళ్ళు కొండల్లాగా నిలబడుంటే, ముగ్గుర్ని గట్టు మీద కూర్చోబెట్టి ఇద్దర్ని వదులుతావా? కాలువ నిండా వచ్చినప్పుడు ఎవడన్నా వంతులేస్తాడయ్యా? అన్ని తూములూ ఎత్తేస్తారు గదా! ముప్ఫై ఏళ్ళు లస్కరువి, నీకు నేను చెప్పాలా?"

చీరాలవాళ్ళు కూడా వింటున్నారు. తాత చాలాసేపు గడియారం వంక చూశాడు. తర్వాత పట్టీ విప్పాడు. మామూలుగా స్నానానికి కూడా విప్పడని మా ఊళ్ళో చెప్పుకుంటారు.

"నా డ్యూటీలో నేను చెయ్యలేనే" అన్నాడు. గొంతు చాలా చిన్నదైపోయింది. "నువ్వు చూడు. నీ డ్యూటీలో నీ ఇష్టం."

గడియారం ఆమె చేతిలో పెట్టి, ఎవరి వంకా చూడకుండా గేటు బయటికి నడిచాడు.

రిఫరీ వచ్చి "ఎవరండీ ఈవిడ?" అన్నాడు.

"కొత్త లస్కరండీ" అన్నాడు హయాత్.

వెంకటరావమ్మ గడియారం పెట్టుకుంది. వదులైతే మోచేతి దాకా పైకి తోసుకుంది. మొట్టమొదటి ఉత్తర్వు నా మీదే వచ్చింది.

"ఆ పొట్టోణ్ణి బయటికి రమ్మనండి. మిగతా ఇద్దర్ని కూడా. పొడుగోళ్ళు అయిదుగురూ లోపలికి పోండి."

పన్నెండేళ్ళు ఆడాను. డబ్బు పోయినా, జుట్టు పోయినా నాకింత బాధ లేదు. ఊరి ముందు, చీరాలవాళ్ళ ముందు, పొట్టోణ్ణి అని పేరు పెట్టి మరీ దింపేసింది.

కౌశిక్ చొక్కా మళ్ళీ తొడుక్కుంటూ, "మామ్మా, ప్రేమ్ అన్న లేకపోతే బంతి ఎవరు తెస్తారు?" అన్నాడు. నాకు కాస్త ప్రాణం లేచొచ్చింది.

"మావాడు తేడా? రోజూ తెల్లారకముందే నా మంచం పక్కన దబదబలాడిస్తన్నాడుగా, అదెందుకు మరి? పో చైతన్యా, నువ్వు తీసుకుపో."

అప్పుడు తట్టింది నాకు, నేను ఏం నేర్పానో, ఎవరికి నేర్పానో.

ఆట మొదలవగానే నేను బయటికి వెళ్ళిపోయాను. అలిగి వెళ్ళాను, దాచడమెందుకు. గేటు బయట కుళాయి పక్కన సిమెంటు దిమ్మె మీద తాత కూర్చుని ఉన్నాడు, కోర్టుకి వీపు పెట్టి. కుడిచేత్తో ఎడమ మణికట్టు రుద్దుకుంటున్నాడు. నేనూ పక్కన కూలబడ్డాను. లోపల ఒకటే కేకలు.

కాసేపటికి అడిగాడు, "ఎవరి వంతు నడుస్తంది?"

"అందరిదీ తాతా. అయిదుగుర్నీ వదిలింది."

"అయిదుగుర్నీనా!" అని ఆగాడు. "మరి నువ్వు?"

"నన్ను దింపేసింది."

"పొట్టోణ్ణి అందా?"

"అంది."

"అంటుంది. నన్ను అంతకంటే పెద్ద మాటలే అంది" అన్నాడు. అదేం ఓదార్పో తెలియదు గానీ, నాకు నవ్వొచ్చింది.

ఉండబట్టలేక గేటు దగ్గరికి వెళ్ళి చూశాను. చైతన్య బంతి తెస్తున్నాడు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి నడుం వంచి, నేలకి జానెడు ఎత్తున కొడుతూ, అచ్చం నాలాగే మెడ పక్కకి తిప్పి తెస్తున్నాడు. అడ్డొచ్చినవాడి తల మీదుగా నలుగురు పొడుగోళ్ళూ వాడికి కనబడుతున్నారు. నాకు పన్నెండేళ్ళల్లో ఎన్నడూ కనబడనివన్నీ వాడికి కనబడుతున్నాయి. ఎవడు ఖాళీగా ఉంటే వాడికి అందిస్తున్నాడు. టోపీ పెద్దమనిషి ఒకాయన టీ గ్లాసు కింద పెట్టేసి ముందుకు వంగి చూస్తున్నాడు. అసూయగా ఉంది, గర్వంగా ఉంది, రెండూ ఒకేసారి ఉంటాయని ఆ రోజే తెలిసింది. వెంకటరావమ్మ గీత పక్కన నిలబడి గడియారం వంక ఒక్కసారి కూడా చూడలేదు.

ఓడిపోయాం. రెండు పాయింట్ల తేడాతో. నన్ను ఉంచి ఉంటే గెలిచేవాళ్ళమని నేను ఇప్పటికీ అంటాను, ఊళ్ళో ఎవరూ ఒప్పుకోరు. ఓడామన్న ధ్యాసే ఎవరికీ లేదు, అందరూ మైకు వంక చూస్తున్నారు. నేను మళ్ళీ వచ్చి తాత పక్కన కూర్చున్నాను. మైకులో ఒక్కో పేరూ చదువుతున్నారు. షఫీక్ పేరు వచ్చింది. చీరాలవాళ్ళ పేర్లు అయిదారు వచ్చాయి. పదో పేరుగా, గార్డు స్థానానికి, నా స్థానానికి, చైతన్యకృష్ణ అని చదివారు.

లోపల మా ట్రాక్టర్ల జనం గోల వినాలి. ఎవడో డ్రమ్ము అనుకుని చెత్తడబ్బా వాయించాడు. తాత లేవలేదు. రెండు చేతులూ మొహానికి పెట్టుకుని, సిగ్గు లేకుండా, పెద్దగా ఏడ్చేశాడు. ముప్ఫయ్యొక్క ఏళ్ళు షట్టరు మీద కూర్చుని ఎవడి పారకీ బెదరని మనిషి అలా ఏడుస్తుంటే నాకేం చెయ్యాలో తోచక వీపు మీద చెయ్యి వేశాను.

కాసేపటికి కండువాతో మొహం తుడుచుకుని, ఖాళీ మణికట్టు వంక చూసుకున్నాడు.

"ఆ ఏడు కూడా దానికే ఇచ్చుండాల్సిందిరా గడియారం" అన్నాడు.